ఇచ్చిన అక్షరాల్లోంచి పొడవైన ఇంగ్లీషు మాట తీయడం ఎలా?

తొమ్మిది అక్షరాలు, ముప్పై సెకన్లు. ఆ అక్షరాలతో కూర్చగలిగినంత పొడవైన మాట చెప్పాలి. బ్రిటన్‌లో చానల్ ఫోర్ ప్రసారాలు మొదలైన 1982 నవంబరు 2నే మొదలైన ‘కౌంట్‌డౌన్’ కార్యక్రమంలో అక్షరాల పోటీ ఇదే. ఎన్ని అక్షరాల మాట చెబితే అన్ని పాయింట్లు. తొమ్మిదీ వాడితే రెట్టింపు, అంటే 18. దీనికి మూలమైన ఫ్రెంచి కార్యక్రమం 1965లో మొదలైనప్పుడు దాని పేరే ‘అతి పొడవైన మాట’. అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు కూర్చే స్క్రాబుల్ ఆటలో చేతిలో ఉన్న ఏడు బిళ్లలూ ఒకేసారి బోర్డు మీద పెడితే మామూలు పాయింట్ల మీద 50 అదనంగా వస్తాయి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ‘స్పెల్లింగ్ బీ’ పజిల్‌లో ఏడు అక్షరాలిస్తారు. నడిమి గడిలోని అక్షరం ప్రతి మాటలోనూ ఉండి తీరాలి. ఏడు అక్షరాలూ కలిసిన మాట పట్టుకుంటే 7 పాయింట్లు అదనం. నియమాలు వేరైనా ఆడేవాడి బుర్ర చేయాల్సిన పని ఒకటే.

ఆ పనిని చాలామంది అక్షరాలను అటూ ఇటూ కలిపి చూడడంతో మొదలుపెడతారు. ఏదో ఒకటి తగలకపోతుందా అన్న ఆశ. ఏడు వేర్వేరు అక్షరాలను 5,040 రకాలుగా పేర్చవచ్చు, తొమ్మిదింటిని 3,62,880 రకాలుగా. అర నిమిషంలో అందులో వందో వంతు కూడా చూడలేరు. అదృష్టవశాత్తూ ఆ అవసరమూ లేదు. ఇంగ్లీషులో పొడవైన మాటల్లో ఎక్కువ భాగం ముందొక ముక్క, వెనకొక ముక్క తగిలించుకుని పెరిగినవే. అందుకే ముందు తోక పట్టుకోవాలి. తోకకు కావలసిన అక్షరాలు తీసి పక్కన పెడితే మిగిలేవి నాలుగైదే. వాటిని కన్ను ఇట్టే చదివేస్తుంది.

ఈ వ్యాసంలో ఇంగ్లీషు అక్షరాలు పేర్లతోనే కనిపిస్తాయి. ఒక ముక్కగా కలిసి వచ్చే అక్షరాల మధ్య గీత ఉంటుంది: టీ-ఐ-ఓ-ఎన్ అంటే ‘షన్’ అని పలికే తోక అన్నమాట.

ముందు తోక, తర్వాత మొండెం

ఏ, సీ, డీ, ఈ, ఐ, ఎన్, ఓ, టీ, యూ అనే తొమ్మిది అక్షరాలు వచ్చాయనుకుందాం. అయిదు అచ్చులు, నాలుగు హల్లులు. టీ-ఐ-ఓ-ఎన్ కనబడుతోంది కాబట్టి అది తీసి పక్కన పెట్టాలి. మిగిలినవి ఏ, సీ, డీ, ఈ, యూ. ఈ అయిదింటిలో ఈ-డీ-యూ, సీ-ఏ అన్న జంటలు కుదరగానే ‘ఎడ్యుకేషన్’ దొరికినట్టే. అక్కడితో ఆపకుండా మరో తోక పెట్టి చూస్తే? భూతకాలపు ఈ-డీ తీసేస్తే ఏ, సీ, ఐ, ఎన్, ఓ, టీ, యూ మిగులుతాయి. అందులో ‘ఆక్షన్’ ఉంది, ‘కాషన్’ కూడా ఉంది. రెండింటినీ క్రియలుగా వాడతారు కాబట్టి ఆక్షన్డ్, కాషన్డ్ రెండూ తొమ్మిదక్షరాల మాటలే. అవే తొమ్మిది అక్షరాలు, తోక మారితే వేరే మాటలు. అభ్యాసానికి ఇంతకన్నా మంచి చెయ్యి, అంటే చేతికొచ్చిన అక్షరాల గుంపు, ఉండదు.

మొదట చూడాల్సిన తోకలు అంత ఎక్కువేం కాదు. ఐ-ఎన్-జీ, ఈ-డీ, ఈ-ఆర్, ఈ-ఎస్-టీ, టీ-ఐ-ఓ-ఎన్, ఎం-ఈ-ఎన్-టీ, ఎన్-ఈ-ఎస్-ఎస్, ఏ-బీ-ఎల్-ఈ, ఐ-టీ-వై, ఏ-ఎన్-సీ-ఈ, ఐ-ఎస్-టీ, ఏ-జీ-ఈ. ఈ డజను నోటికొస్తే చాలు, చేతిలో ఏ తోక కుదురుతుందో వెతక్కుండానే కనబడుతుంది. ‘ఎస్’ సంగతి చెప్పనక్కర్లేదు. దొరికిన మాటకు చివర ఒక అక్షరం ఊరికే కలుస్తుంది. స్క్రాబుల్ సంచిలోని 100 బిళ్లల్లో ‘ఎస్’లు నాలుగే ఉండడానికీ, స్పెల్లింగ్ బీ పజిల్‌లో సాధారణంగా ‘ఎస్’ ఇవ్వకపోవడానికీ కారణం అదే. బహువచనాలతో ఆట మరీ తేలికైపోతుంది.

తోక తీశాక మిగిలిన మొండెం మామూలు మాటలా కనబడదు. కొత్తవాళ్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. తోక తగిలేటప్పుడు ఇంగ్లీషు మాట మూడు రకాలుగా మారుతుంది.

మొదటిది, చివరి ‘ఈ’ ఊడిపోవడం. సీ, ఆర్, ఈ, ఏ, టీ, ఐ, ఎన్, జీ అక్షరాల్లోంచి ఐ-ఎన్-జీ తీస్తే సీ, ఆర్, ఈ, ఏ, టీ మిగులుతాయి. వీటితో రియాక్ట్, కేటర్ నేరుగా కనబడతాయి కాబట్టి రియాక్టింగ్, కేటరింగ్ సులువు. క్రియేట్ అన్న మాటకు రెండు ‘ఈ’లు కావాలి, చేతిలో ఒకటే ఉంది. అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. ఐ-ఎన్-జీ ముందు చివరి ‘ఈ’ రాలిపోతుంది గనుక క్రియేటింగ్‌కు ఒక్క ‘ఈ’ చాలు. కాబట్టి ఐ-ఎన్-జీ పక్కన పెట్టగానే, మిగిలినవాటికి కనబడని ఒక ‘ఈ’ అప్పుగా ఇచ్చి చదవాలి.

రెండోది, చివరి హల్లు రెట్టించడం. ఇక్కడ లెక్క తప్పితే లేని మాట చెప్పినట్టవుతుంది. ప్లాన్ నుంచి వచ్చే ప్లానింగ్‌లో ‘ఎన్’లు మూడు. చేతిలో రెండే ఉంటే అది కుదరదు. అదే చేతితో ప్లేనింగ్ కుదురుతుంది, అంటే చెక్కను చిత్రిక పట్టడం. ఒక్క అక్షరం తేడాతో ఒకటి చెల్లుతుంది, ఒకటి చెల్లదు. హోపింగ్–హాపింగ్, బేరింగ్–బారింగ్ జంటలూ ఇలాంటివే.

మూడోది, ‘వై’ కాస్తా ‘ఐ’ కావడం. మొండెం చివర ‘ఐ’ మిగిలితే దాన్ని ‘వై’గా చదవాలి. ఎన్-ఈ-ఎస్-ఎస్ తీశాక హెచ్-ఏ-పీ-పీ-ఐ మిగిలితే అది హ్యాపీ. ఈ-ఆర్ తీశాక ఎన్-ఏ-ఎస్-టీ-ఐ మిగిలితే అది నాస్టీ, కాబట్టి మాట నాస్టియర్.

ఐ-ఎన్-జీ విషయంలో ఒక హెచ్చరిక. అది అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చే తోక, అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసే తోక కూడా అదే. ఏ, ఈ, జీ, ఐ, ఎల్, ఎన్, ఆర్, టీ అనే ఎనిమిది అక్షరాలు చూడండి. ఐ-ఎన్-జీ తీస్తే రిలేటింగ్, ఆల్టరింగ్, అలర్టింగ్ వస్తాయి. ఆ మూడు అక్షరాలను విడగొడితే తప్ప ట్రయాంగిల్, ఇంటెగ్రల్ కనబడవు. ఎఫ్, ఓ, ఆర్, ఈ, ఐ, జీ, ఎన్, ఈ, ఆర్ చేతిలో పరిస్థితి ఇంకా ఘోరం. ఐ-ఎన్-జీ తీసి చూసినంతసేపూ తొమ్మిది అక్షరాలూ వాడే మాటే తేలదు. దాన్ని వదిలి ఈ-ఆర్ తోక పెట్టినవాళ్లకే ‘ఫారినర్’ తగులుతుంది.

తెలుగు చదువుకున్నవాళ్లకు ఫారినర్ లాంటివి ప్రత్యేకంగా తప్పిపోతాయి. తెలుగులో రాసిందంతా పలుకుతాం, పలికిందే రాస్తాం. అక్షరాలు చూడగానే మనసు శబ్దం కోసం వెతుకుతుంది. ఫారినర్ అన్న శబ్దంలో ‘జీ’ లేదు, అందుకే ‘జీ’ ఉన్న చేతిలో ఆ మాట తట్టదు. దీనికి విరుగుడు పలకని జంటలను ముందే గుర్తుపెట్టుకోవడం: జీ-ఎన్, కే-ఎన్, డబ్ల్యూ-ఆర్, ఎం-బీ, పీ-ఎస్, జీ-హెచ్. చేతిలో ‘జీ’తో పాటు ‘ఎన్’ ఉంటే, ‘కే’తో పాటు ‘ఎన్’ ఉంటే, వాటిని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు ముక్కలు

ఉపసర్గల వైపు నుంచి వెతకడం రెండో దారి. ఆర్-ఈ, యూ-ఎన్, డీ-ఐ-ఎస్, ఎం-ఐ-ఎస్, ఓ-యూ-టీ, ఓ-వీ-ఈ-ఆర్, ఐ-ఎన్-టీ-ఈ-ఆర్. వీటిలో ఓవర్‌కు ఒక సుగుణం ఉంది: ఇబ్బంది పెట్టే ‘వీ’ని, రెండు అచ్చులను ఒక్క దెబ్బతో వాడేస్తుంది. ఓవర్‌త్రో, ఓవర్‌వెల్మ్ లాంటివి ఇలా దొరుకుతాయి. స్క్రాబుల్ జాబితాల్లో అవుట్‌తో మొదలయ్యే క్రియలు కుప్పలుగా ఉన్నాయి.

ఆర్-ఈ, యూ-ఎన్ మాత్రం నమ్మదగినవి కావు. ‘మళ్లీ’ అన్న అర్థంలో ఏ క్రియకైనా ఆర్-ఈ తగిలించవచ్చనిపిస్తుంది, డిక్షనరీ ఒప్పుకోదు. తోకలు వ్యాకరణం ప్రకారం దాదాపు ప్రతి క్రియకూ చేరతాయి, ఉపసర్గలు వాడుక బట్టి మాత్రమే చేరతాయి. కాబట్టి రెండు మాటలు చేతిలో ఉండి ఒకటి తోకతో, ఒకటి ఉపసర్గతో వచ్చిందైతే, అనుమానం ఉన్నప్పుడు తోక ఉన్నదే చెప్పడం మేలు.

అచ్చులు ఎక్కువైతే, హల్లులు ఎక్కువైతే

అచ్చులు ఎక్కువైన చేతిలో వాటిని విడివిడిగా చూస్తే దారి దొరకదు. ఓ-యూ, ఈ-ఏ, ఏ-ఐ, ఐ-ఓ, యూ-ఈ అని జంటలుగా కట్టుకోవాలి. డైలాగ్ అన్న మాటను అమెరికా బయట మామూలుగా రాసే పద్ధతిలో డీ-ఐ-ఏ-ఎల్-ఓ-జీ-యూ-ఈ అని రాస్తే ఎనిమిదక్షరాల్లో అయిదు అచ్చులూ ఉంటాయి. ఈక్వేషన్ కూడా అంతే. సికోయా అనే చెట్టు పేరులో ఏడే అక్షరాలు, అయినా అయిదు అచ్చులూ ఉన్నాయి. అచ్చులు వరసగా ఏ, ఈ, ఐ, ఓ, యూ అని రావాలంటే ఫెసీషియస్, అబ్‌స్టీమియస్ ఉన్నాయి. చివర ఎల్-వై చేర్చితే ‘వై’ కూడా వరసలోనే వస్తుంది. తలకిందులు వరస కావాలంటే పద్నాలుగు అక్షరాల సబ్‌కాంటినెంటల్. ఇలాంటి ప్రశ్నలు క్విజ్‌లలో తరచూ వస్తాయి. సమాధానాలు గుర్తుండాలంటే ఐ-ఓ-యూ-ఎస్ తోక గుర్తుంటే చాలు, మూడు అచ్చులు అందులోనే తీరిపోతాయి.

హల్లులు ఎక్కువైతే గుత్తులు చూడాలి: ఎస్-టీ-ఆర్, టీ-సీ-హెచ్, జీ-హెచ్-టీ, ఎన్-జీ-టీ-హెచ్. స్ట్రెంగ్త్స్‌లో తొమ్మిది అక్షరాలకు ఒక్కటే అచ్చు. క్యాచ్‌ఫ్రేజ్‌లో నడుమ ఆరు హల్లులు వరసగా ఉన్నాయి. రెండు పూర్తి మాటలు అతుక్కున్న చోటే ఇంతటి గుత్తి పుడుతుంది. ఆ అతుకు గుర్తించడమే కిటుకు. హల్లుల చేతిలో నాలుగక్షరాల మామూలు మాట ఒకటి తీసి, మిగిలిన అయిదింటిలో ఇంకో మాట ఉందేమో చూడాలి.

తప్పనిసరి అక్షరాలు: క్యూ, జే, ఎక్స్, జెడ్, వీ

‘ఫలానా అక్షరాలు ఉన్న పొడవైన మాట కావాలి’ అన్నప్పుడు, అందులో అరుదైన అక్షరం ఒకటుంటే నిజానికి పని తేలికవుతుంది. అరుదైన అక్షరాలకు స్థిరమైన చుట్టాలుంటారు.

‘క్యూ’ను దాదాపు ఎప్పుడూ ‘యూ’తో కలిపి ఒకే అక్షరంగా లెక్కపెట్టుకోవాలి. ఆ జంట ఎక్కువగా వచ్చే చోట్లు కొన్నే: మొదట్లో, ఎస్ తర్వాత, ఏ-సీ తర్వాత, ఈ తర్వాత, లేదా టెక్నిక్, పిక్చరెస్క్‌లలోలా చివర క్యూ-యూ-ఈగా. ‘వీ’తో ముగిసే ఇంగ్లీషు మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాబట్టి ‘వీ’ తర్వాత ఒక అచ్చును, ముఖ్యంగా ‘ఈ’ని, సిద్ధంగా పెట్టాలి. ఐ-వీ-ఈ, ఏ-టీ-ఐ-వీ-ఈ తోకలు అందుకే అంత ఉపయోగం. ‘జెడ్’కు ఐ-జెడ్-ఈ తోక ఉంది, అది పెరిగి ఐ-జెడ్-ఏ-టీ-ఐ-ఓ-ఎన్ అవుతుంది. ‘ఎక్స్’ ఉంటే ఈ-ఎక్స్‌తో మొదలవుతుందేమో ముందు చూడాలి. పొడవైన మాటల మధ్యలో ‘జే’ వస్తే అది చాలాసార్లు లాటిన్ ధాతువులదే: జే-ఈ-సీ-టీ, జే-యూ-ఎన్-సీ-టీ, జే-యూ-డీ. ‘వై’ చివరే ఉంటుందనుకోవడం పొరపాటు. గ్రీకు మాటల్లో అది నడుమ ఉంటుంది: హైడ్రో, పాలీ, హైపర్, సైకో.

రెండు అరుదైన అక్షరాలు ఒకేసారి కావాలంటే జవాబులు పిడికెడు మిగులుతాయి. క్యూ, ఎక్స్ రెండూ ఉన్నవి: ఎక్స్‌చెకర్, ఈక్వినాక్స్, ఎక్స్‌క్విజిట్, క్విక్సాటిక్. ఎక్స్, జెడ్ కావాలంటే ‘ఎక్స్’ మొండెంలోనూ ‘జెడ్’ తోకలోనూ వెతకాలి: ఆక్సిడైజ్, మాక్సిమైజ్. జే, ఎక్స్ అడిగితే పదమూడు అక్షరాల జక్స్టపొజిషన్‌ను మించింది సామాన్య వాడుకలో దొరకడం కష్టం. జే, జెడ్‌లకు జెపర్డైజ్. జే, క్యూలకు జాక్వార్డ్, జాంక్విల్. కే, క్యూ, వీ మూడూ ఒకే మాటలో కావాలంటే క్విక్‌సిల్వర్, పాదరసానికి పాత పేరు. మూడు అరుదైన అక్షరాలతో పదకొండక్షరాల మాట అంత మామూలు వాడుకలో ఉండడం విశేషమే.

‘యూ’ లేని ‘క్యూ’ దగ్గర మన ప్రాంతంవాళ్లకు ఒక మేలు ఉంది. ఇంగ్లండులో ఆడేవాళ్లు బట్టీపట్టే ఆ మాటల్లో చాలా భాగం అరబిక్, ఫారసీ, ఉర్దూల నుంచి వెళ్లినవి: ఫకీర్, బుర్ఖా, నికాబ్, తలాఖ్, వక్ఫ్, ఖవ్వాలీ. హైదరాబాద్ వీధుల్లో రోజూ వినబడే మాటలే. అన్నిటికీ ఆటలో చెల్లే మాటలిచ్చే కాలిన్స్ స్క్రాబుల్ జాబితాలో ‘క్యూ’తో స్పెల్లింగు ఉంది. ‘జే’తో ముగిసే మాటలూ అంతే: రాజ్, తాజ్, స్వరాజ్.

తోక పద్ధతి పనిచేయని చోటు కూడా ఇదే. అరువొచ్చిన మాటలకు లాటిన్ తోకలుండవు. మన పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్లి బ్యాండికూట్ అయింది. తొమ్మిది అక్షరాలు, పనికొచ్చే తోక ఒక్కటీ లేదు. ఆ అక్షరాలు చేతికొస్తే మాట ముందే తెలిసినవాడికి తప్ప దొరకదు. అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీకి తయారయ్యే పిల్లలు ఒక్కో భాష మాటలను విడిగా చదివేది ఈ కారణంతోనే. 2013లో తెలుగు మూలాలున్న అరవింద్ మహంకాళి గెలిచింది క్నేడల్ అనే మాటతో. అది యూరప్ యూదుల భాష అయిన యిడ్డిష్ నుంచి వచ్చింది, కే-ఎన్-ఏ-ఐ-డీ-ఈ-ఎల్ అని రాస్తారు. లాటిన్, గ్రీకు ధాతువులు ఎన్ని తెలిసినా అలాంటిది ఊహకు అందదు.

బట్టీపట్టాల్సిన ఆరు అక్షరాలు

బట్టీ పద్ధతికి చోటున్నది ఒక్క విషయంలోనే, అక్కడ దాని ఫలితం పెద్దది. స్క్రాబుల్ రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ 1930లలో పత్రికల్లో అక్షరాలు లెక్కబెట్టి బిళ్లల సంఖ్య నిర్ణయించారు. ‘ఈ’ పన్నెండు, ‘ఏ’, ‘ఐ’ తొమ్మిదేసి, ‘ఎన్’, ‘ఆర్’, ‘టీ’ ఆరేసి. ఈ ఆరు అక్షరాలే సంచిలోని 100 బిళ్లల్లో 48. ఆరూ కలిపితే రెటీనా. ఏడో అక్షరంగా ఏది వచ్చినా చాలావరకు మాట కుదురుతుంది. ‘సీ’ వస్తే సర్టెన్, ‘డీ’ వస్తే ట్రెయిన్డ్, ‘జీ’ వస్తే గ్రానైట్, ‘హెచ్’ వస్తే హెయిర్‌నెట్, ‘కే’ వస్తే కెరటిన్, ‘ఎల్’ వస్తే రిలయంట్, ‘ఎం’ వస్తే మినరెట్. ‘పీ’ వస్తే పెయింటర్, రీపెయింట్, పర్టెయిన్ మూడూ. రెండో ‘ఆర్’ వస్తే ట్రెయినర్, టెరెయిన్. రెండో ‘టీ’ వస్తే నైట్రేట్. ‘ఎస్’ వస్తే రిటైన్స్, నాస్టియర్, స్టెయినర్ సహా ఎన్నో.

ఇలాంటిదే ఇంకొకటి, సటైర్ అక్షరాలు. ‘డీ’ చేరితే అస్ట్రైడ్, ‘ఎఫ్’ చేరితే ఫెయిరెస్ట్, ‘పీ’ చేరితే పైరేట్స్, పార్టీస్, ‘డబ్ల్యూ’ చేరితే వెయిటర్స్. గంభీరంగా ఆడేవాళ్లు ఈ రెండు పట్టికలూ నేర్చుకున్నాకే మిగతా ఆటకు వెళ్తారు. చేతిలో అయిదు మంచి అక్షరాలుంటే ఆరోదాని కోసం రెండు పిచ్చి బిళ్లలు వదిలించుకోవడం కూడా ఈ పట్టికల వల్లే అర్థవంతమవుతుంది.

దీనితో పోలిస్తే అతి పొడవైన మాటలను కంఠస్థం చేయడం వల్ల ఆటలో లాభం లేదు. న్యుమోనోతో మొదలయ్యే 45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరును 1935లో పజిల్ ప్రియులు పొడవు కోసమే కల్పించారు. ఫ్లాక్సినాసి అని మొదలై ఫికేషన్ అని ముగిసే 29 అక్షరాల మాటలో తొమ్మిది ‘ఐ’లున్నాయి, ఒక్క ‘ఈ’ కూడా లేదు. ‘ఈ’ లేని పొడవైన మాట ఏదని అడిగినప్పుడు మాత్రం అది పనికొస్తుంది.

కంప్యూటరుతో వెతకడం

ఆట కాకుండా పజిల్ తయారుచేయడానికో, క్లాసుకు పదాల జాబితా కూర్చడానికో అయితే యంత్రంతో వెతకడమే సరైనది. అందుకు కావలసింది వరసకొక మాట ఉన్న పదాల ఫైలు. అందరికీ హక్కులు వదిలేసిన ‘ఎనేబుల్’ జాబితాలో లక్షా 72 వేలకు పైగా మాటలున్నాయి. ఎక్సెల్ షీటులో 10,48,576 వరసలు పడతాయి కాబట్టి అదంతా ఒకే నిలువు వరసలో సరిపోతుంది. అతికించే ముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చాలి. లేకపోతే ట్రూ, ఫాల్స్ అన్న మాటలను ఎక్సెల్ తార్కిక విలువలుగా మార్చేసుకుంటుంది.

కావలసిన ప్రతి అక్షరానికీ పక్కనే ఒక నిలువు వరసలో కౌంట్‌ఇఫ్ ఫార్ములా పెట్టాలి. వెతికే నమూనా: నక్షత్రం గుర్తు, అక్షరం, నక్షత్రం గుర్తు. అక్షరం ఉంటే 1, లేకపోతే 0 వస్తుంది. మూడు అక్షరాలు కావాలంటే మూడు నిలువు వరసల మొత్తం 3 అయినవే జవాబులు. ఒకే అక్షరం రెండుసార్లు కావాలంటే నమూనాలోనే రెండుసార్లు, నడుమ నక్షత్రంతో రాస్తే చాలు. క్విజికల్ లాంటి రెండు ‘జెడ్’ల మాటలు అలా వడకడతారు. ఇంకో నిలువు వరసలో లెన్ ఫార్ములాతో పొడవు తెచ్చుకుని పెద్దవి పైకి వచ్చేలా పేరిస్తే పని అయిపోయినట్టే.

‘ఈ అక్షరాలు ఉండాలి’ అన్నదీ ‘ఈ అక్షరాలతోనే కుదరాలి’ అన్నదీ పూర్తిగా వేరు ప్రశ్నలు. జనం ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. రెండోదానికి సబ్‌స్టిట్యూట్ ఫార్ములా కావాలి. మాటలోంచి చేతిలోని ఒక్కో అక్షరాన్ని తీసేస్తూ పోయి, చివరికి పొడవు సున్నా అయితే ఆ మాట కుదిరినట్టు. స్క్రాబుల్, కౌంట్‌డౌన్ లెక్కలో ఒక్కో అక్షరం ఒకసారే తీయాలి. అందుకు ఫార్ములాలో నాలుగో అంశంగా 1 రాయాలి. స్పెల్లింగ్ బీ పజిల్‌లో అక్షరాలను ఎన్నిసార్లయినా వాడవచ్చు కాబట్టి అక్కడ ఆ 1 వదిలేయాలి. సబ్‌స్టిట్యూట్‌కు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా ఉంటుంది. కౌంట్‌ఇఫ్‌కు ఉండదు. అందుకే ముందుగా అన్నిటినీ లోయర్ ఫార్ములాతో చిన్నబడికి మార్చాలి.

లైనక్స్, మ్యాక్ వాడేవాళ్లకు గ్రెప్ ఆదేశం చాలు, అది ఫైలులో నమూనాకు సరిపోయే వరసలను ఏరి ఇస్తుంది. ఒక అక్షరానికి వడకట్టిన ఫలితాన్ని పైపుతో ఇంకో గ్రెప్‌కు అందిస్తూ పోతే, అక్షరాలు మాటలో ఏ వరసలో ఉన్నా దొరుకుతాయి. ఒకే నమూనాలో అన్నిటినీ ఇరికిస్తే ఆ వరసలో ఉన్నవే వస్తాయి. ఇంకో చిక్కు విండోస్‌లో తయారైన ఫైళ్లది. వాటిలో ప్రతి వరస చివరా కంటికి కనబడని ఇంకో గుర్తు ఉంటుంది. ‘మాట ఇక్కడ ముగియాలి’ అని డాలరు గుర్తుతో రాసిన నమూనా ఆ ఫైలు మీద ఒక్క జవాబూ ఇవ్వదు. నమూనా తప్పనుకుని గంటలు పోగొట్టుకోకుండా ముందు ఆ గుర్తును తొలగించుకోవాలి.

ప్రోగ్రాము రాసేవాళ్లు 3,62,880 అమరికలనూ తిప్పనక్కర్లేదు. ప్రతి మాట అక్షరాలనూ అకారాది క్రమంలో పేర్చి దాన్నే తాళంచెవిగా వాడాలి. ఎడ్యుకేషన్, ఆక్షన్డ్, కాషన్డ్ మూడింటికీ ఒకే చెవి వస్తుంది. తొమ్మిది వేర్వేరు అక్షరాల నుంచి ఏర్పడే ఉపసమితులు 511 మాత్రమే. వాటిని ఒక్కొక్కటిగా ఆ పట్టికలో చూస్తే అన్ని పొడవుల మాటలూ క్షణంలో తేలతాయి. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ల ఉంటే దాని స్థానంలో 26 అక్షరాలూ పెట్టి మళ్లీ చూడాలి. అక్షరాల ఉనికి మాత్రమే కావాలంటే 26 అక్షరాలకు 26 బిట్లు కేటాయించి ఒక్కో మాటను ఒక్కో సంఖ్యగా దాచడం ఇంకా వేగం. దానికి పునరుక్తి తెలియదు. బుక్‌కీపర్‌లో ‘ఈ’లు మూడున్నా దాని దృష్టిలో ఒకటే. అదే లోపాన్ని ఉపయోగంగా కూడా మార్చుకోవచ్చు. వెలిగిన, అంటే విలువ 1 అయిన, బిట్ల సంఖ్య మాట పొడవుతో సమానమైతే ఏ అక్షరమూ రెండోసారి రాలేదన్నమాట. అన్‌కాపీరైటబుల్, డెర్మటోగ్లిఫిక్స్ అనే పదిహేనక్షరాల మాటలు ఆ పరీక్షలో నెగ్గుతాయి.

ఏ జాబితా?

వెతుకులాట ఎంత బాగున్నా జవాబు జాబితాను బట్టే వస్తుంది. మ్యాక్‌లో, కొన్ని యునిక్స్ వ్యవస్థల్లో ముందే ఉండే పదాల ఫైలు 1934 నాటి వెబ్‌స్టర్ డిక్షనరీ నుంచి తీసింది. అందులో సుమారు 2,35,000 మాటలున్నా క్రియల ఈ-డీ, ఐ-ఎన్-జీ రూపాలు, బహువచనాలు చాలావరకు లేవు. దాంతో ఎడ్యుకేషన్ దొరికినా ఆక్షన్డ్ దొరక్కపోవచ్చు. పైగా ఎవరూ వాడని పాత మాటలు పొడవు వరసలో పైకొచ్చి కూర్చుంటాయి. సుమారు 2,80,000 మాటలున్న కాలిన్స్ స్క్రాబుల్ జాబితాకు వేరే పరిమితి ఉంది. బోర్డు 15 గడులది కాబట్టి అందులో 15 అక్షరాలు దాటిన మాటే ఉండదు. బ్రిటిష్ ఐ-ఎస్-ఈ స్పెల్లింగులు కాలిన్స్‌లో చెల్లుతాయి, అమెరికా స్క్రాబుల్ జాబితాలో చాలావాటికి చోటు లేదు. పిల్లల పోటీకి జాబితా తయారుచేసేటప్పుడు ఏ స్పెల్లింగు పద్ధతో ముందే చెప్పకపోతే చివర్లో గొడవ తప్పదు.

పొడవుకు పైహద్దు కూడా పెట్టుకోవాలి. ఎనిమిది నుంచి పదమూడు అక్షరాల మధ్య చూస్తే వచ్చేవి మనుషులు నిజంగా వాడే మాటలు. అంతకుమించితే రసాయనాల పేర్లు, కూర్చిన మాటలు ఎక్కువవుతాయి. ఏ వడపోతనైనా నమ్మే ముందు తెలిసిన మాటతో పరీక్షించాలి. జే, ఎక్స్, పీ అడిగితే జక్స్టపొజిషన్ రావాలి. అది రాలేదంటే జాబితాలో ఆ మాట ఉందో లేదో మొదట చూడాలి, ఉంటే ఫార్ములాను, తర్వాత వరస చివరి గుర్తులను తనిఖీ చేయాలి.